షిమాబర రైతుల్ని ఒక్క వాక్యంలో చెరిపేశావు, బాబూ

బాబూ,

జపాన్ దండు మనీలా మీదికి పోయినట్టు ఊహించిన నీ నవల రాత్రి పదకొండింటికి ముగించాను. అప్పుడే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, కోపంలో రాసిన ఉత్తరం మర్నాడు చదువుకుంటే బాగోదని పడుకున్నాను. పొద్దున్న కాఫీ తాగాక కూడా కోపం తగ్గలేదు, అందుకని ఇక రాసేస్తున్నాను.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాశావు. "షిమాబర తిరుగుబాటు జరగలేదనుకుందాం." అంతే. పేజీ తిప్పేసరికి పదివేల మంది సమురాయ్‌లు నాగసాకిలో ఓడలెక్కేశారు, మూడు రోజుల్లో మనీలా కోట మీద స్పెయిన్ జెండా దిగిపోయింది, పదేళ్లు తిరక్కుండా డచ్చివాళ్లు బటావియా (ఇప్పటి జకార్తా) ఖాళీ చేసేశారు, మిగతా రెండు వందల పేజీలూ కత్తులూ ఫిరంగులూ. కత్తుల మీద నాకేం కోపం లేదు. నా కోపమంతా ఆ ఒక్క వాక్యం మీదే. అందులో 37,000 మంది ఉన్నారు. 1637 చివర్లో లేచి, పాడుబడ్డ హర కోటలో తలదాచుకుని, 1638 ఏప్రిల్‌లో పిల్లాజెల్లాతో సహా చచ్చిపోయిన రైతులు, జాలర్లు, కొలువు పోయిన సైనికులు. వాళ్లని "అనుకుందాం" అని ఊదేశావు.

సరే, ఊదేయడం కథకుడి హక్కే అంటావు. ఇక్కడ అది కుదరదు, ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

లూజాన్ మీదికి, అంటే మనీలా ఉన్న దీవి మీదికి, దండు పంపాలని ముందుకొచ్చిన మనిషి ఎవరు? షిమాబర ప్రభువు మత్సుకుర షిగెమస. 1630లో తన మనుషులిద్దర్ని వర్తకుల వేషంలో మనీలా పంపి అక్కడి సంగతులు చూసి రమ్మన్నాడు. ఆ ఏడాదే పోయాడు. కొడుకు కత్సుయియె గద్దెనెక్కాడు. 1637లో జపాన్ దొరతనం మళ్లీ మనీలా మాట ఎత్తి, డచ్చివాళ్లని ఓడలు అడిగింది. ఇదంతా నీ నవల్లో ఉంది, బాగానే చదివావు. కానీ ఆ తండ్రీకొడుకుల డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చదవలేదు. వాళ్లది నలభై వేల పైచిలుకు కొకుల (కొకు అంటే అక్కడి బియ్యం కొలత) చిన్న సంస్థానం. అంత చిన్న సంస్థానానికి, తన తాహతుకి మించిన కోట కట్టించాడు షిగెమస. పంట ఉన్నదానికి రెట్టింపు చూపించి పై దొరల దగ్గర గొప్ప చెప్పుకున్నాడు, ఆ రెట్టింపు మీద పన్ను వేశాడు. పొయ్యికి పన్ను, తలుపుకి పన్ను, పుడితే పన్ను, చస్తే పన్ను అని చెప్పుకున్నారు. కట్టలేనివాళ్లకి వానకి కప్పుకునే గడ్డి కోటు తొడిగి, చేతులు వెనక్కి కట్టి, నిప్పంటించేవాళ్లు. మంటకి మనిషి గెంతుతుంటే దానికి "మినో ఆట" అని పేరు పెట్టారు. మినో అంటే ఆ గడ్డి కోటే.

ఇప్పుడు చెప్పు. తిరుగుబాటు లేకుండా పోవాలంటే ఆ పన్ను లేకుండా పోవాలి. పన్ను లేకపోతే కోటా లేదు, తుపాకులూ లేవు, నీ ఓడల్లో ఒక్కటి కూడా లేదు. రెండూ ఒకే సంచిలోంచి వచ్చాయి. కత్తిరించి ఒకటి ఉంచుకుని ఒకటి పారేయడానికి వీల్లేదు.

ఇంకోటి. మనీలా కోసం అడిగిన ఆ డచ్చి ఫిరంగులు చివరికి ఎవరి మీద పేలాయో తెలుసా? 1638 మొదట్లో డి రైప్ అనే డచ్చి ఓడని హర కోట ముందుకి తెప్పించి, రెండు వారాల్లో నాలుగు వందలకు పైగా గుండ్లు ఆ రైతుల మీద పేల్పించారు. ఇది చదివాక కూడా నీకు "అనుకుందాం" అని రాయబుద్ధేస్తే నేను చేయగలిగింది లేదు.

నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెబుతాను. 1977లో, పెళ్లయిన రెండో ఏడు, నేనూ ఇలాంటి నవలే మొదలుపెట్టాను. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయారు కదా, వాళ్లే గెలిచుంటే ఎలా ఉండేదని. చందుర్తి మా అత్తగారి ఊరికి దగ్గర. అందరూ పడుకున్నాక వంటింట్లో పీట మీద కూర్చుని, కిరసనాయిలు దీపం పెట్టుకుని రాసేదాన్ని. మా మామగారు కరణం. ఒకరోజు ఆ కట్ట ఆయన కంటబడింది. తిడతారేమోనని నాకు టెన్షన్. ఆయన తిట్టలేదు, రెండు రోజులు కూర్చుని మొత్తం చదివి, నన్ను పిలిచి ఒకే ఒక మాట అడిగారు. "అమ్మాయ్, ఈ దండుకి బియ్యం ఏ ఊరు పోసింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెవి మీద పెన్సిలు తీసి, నా కాగితం వెనకే లెక్క వేశారు. ఎనిమిది వేల మంది అని రాశావు, మనిషికి రోజుకో సేరు, నెలకి 2,40,000 సేర్లు. వీటికి ఎన్ని బళ్లు కావాలి, ఎన్ని జతల ఎడ్లు, ఆ ఎడ్లకి ఎంత గడ్డి, అది ఎవడి గడ్డివాములోంచి పీక్కొస్తారు. పేజీ నిండిపోయింది. కింద ఒక గీత గీసి, "గెలిస్తే వీళ్లకి ఏం మిగిలింది? ఓడితే ఏం మిగిలింది?" అని రాసి నా చేతికిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, మడతల దగ్గర చిరిగితే వెనక పల్చటి గుడ్డ అంటించాను.

ఆ తర్వాతే నేను అసలు చరిత్ర తీసి చదివాను. గెలిచిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్, గెలిచి కూడా వారాల తరబడి కదల్లేకపోయాడు, ఎందుకంటే విజయనగరం ఆనంద గజపతిరాజు ఇస్తానన్న డబ్బు ఇవ్వకుండా జాప్యం చేశాడు. యుద్ధం ఒక్కపూటలో అయిపోయింది, డబ్బు కోసం ఎదురుచూపులు నెలన్నర. మా మామగారు ఇవేవీ చదవకుండానే సరైన చోట వేలు పెట్టారు.

నవల మూడేళ్లు పట్టి తిరగరాశాను. ఒక వారపత్రిక తీసుకుంది. సంపాదకుడు బళ్ల అధ్యాయాలు, బియ్యం అధ్యాయాలు అన్నీ కొట్టేసి, యుద్ధం మాత్రం ఉంచి, "ఆకలి ఎవరు చదువుతారండీ" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. అప్పుడు ఇంట్లో డబ్బు అవసరం. ఆ ఒప్పుకోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే నీలాంటివాళ్లు ఎవరో చెప్పారని రాసినప్పుడు నాకు గుర్తుపట్టడం తేలిక. నీ నవల్లో పదో అధ్యాయంలో హఠాత్తుగా ఒక బందరు సరంగు ఊడిపడ్డాడు చూడు, జపాన్ ఓడలో నిలబడి మనీలా దగ్గరి కవితె ఓడరేవు మీద మొదటి ఫిరంగి పేలుస్తాడు. ఎవరు చెప్పారు నీకు, తెలుగువాడు ఒకడుంటేనే తెలుగువాళ్లు చదువుతారని? ఈ మాట నేను నలభై ఏళ్లుగా వింటున్నాను. ఇప్పుడు ఫోన్లో సీరియళ్లు వచ్చాక ఇంకా ముదిరింది, ప్రతి అధ్యాయం చివరా ఒక ట్విస్టు, మూడో పేరాలో మనవాడు ఒకడు. తీసెయ్ వాణ్ణి. నిజంగా మన తీరానికీ జపాన్‌కీ సంబంధం ఉంది, అది వాడికంటే చాలా బావుంటుంది. డచ్చివాళ్లు బందరులో 1605లోనే దిగారు. మన అద్దకం బట్టలు జపాన్ దాకా వెళ్లాయి, వాటిని అక్కడ సరస అన్నారు. జపాన్ రాగి డచ్చి ఓడల్లో మన తీరానికి వచ్చింది. మనీలాలో ఒక పెట్టె అడుగున మడతపెట్టిన అద్దకం ముక్క ఒకటి చూపించు చాలు, ఎక్కడిదని చెప్పనక్కర్లేదు కూడా.

"ఆసియా మొత్తం యూరప్ మీద లేచింది" అన్న నీ ఊపు కూడా నాకు నచ్చలేదు. జపాన్ కత్తులు ఆ రోజుల్లో ఎవరు కూలి ఇస్తే వాళ్లవి. 1603లో మనీలాలో చీనావాళ్లు తిరగబడితే, స్పెయిన్ వాళ్ల పక్షాన నిలబడి వాళ్లని నరికినవాళ్లలో అక్కడి జపాన్‌వాళ్లు ఉన్నారు. 1621లో బండా దీవుల్లో జాజికాయ కోసం డచ్చివాళ్లు 44 మంది ఊరి పెద్దల్ని చంపించినప్పుడు, తలలు నరికింది డచ్చివాళ్ల కొలువులోని జపాన్ సైనికులే. రెండేళ్లకి అంబోయినాలో అదే డచ్చివాళ్లు పదిమంది ఇంగ్లీషువాళ్లతో పాటు జపాన్ సైనికుల్ని కూడా చంపారు. ఇంత చిక్కు ఉన్న చోట నువ్వు తెల్లవాడు ఇటు, మనవాడు అటు అని గీత గీసేశావు. లూజాన్ మనుషులైతే అసలే లేరు. మనీలా గోడల మీద స్పెయిన్ కోసం పోరాడే పంపంగ సైనికులు ఏరీ? ఒక్కడికీ పేరు పెట్టలేదు.

ఓడల గురించి అడిగావు, జపాన్‌వాళ్లకి మహాసముద్రం దాటే ఓడ కట్టడం వచ్చా అని. వచ్చు. 1613లో సెండాయ్ ప్రభువు దతె మసమునె కట్టించిన ఓడ పసిఫిక్ దాటి మెక్సికో పోయి వచ్చింది, రెండోసారి పోయి చివరికి మనీలా చేరితే 1618లో స్పెయిన్ వాళ్లు కొనుక్కున్నారు. ఓడ సమస్య కాదు. గాలి సమస్య. చలికాలం ఈశాన్య గాలికి నాగసాకి నుంచి దక్షిణానికి పోతారు, వేసవిలో నైరుతి గాలి తిరిగితే గానీ వెనక్కి రాలేరు. అంటే నీ పదివేల మందికి నెలల తరబడి ఇంటి నుంచి గింజ అందదు. కొకు అంటే ఒక మనిషికి ఏడాది గ్రాసం, మన లెక్కలో నూట యాభై కిలోల బియ్యం అనుకో. పదివేల మందికి ఏడాదికి పదివేల కొకులు. షిమాబర పంటలో దాదాపు నాలుగో వంతు, పండించినవాడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోకముందే. ఆ బియ్యం ఎవరింట్లోంచి తీశారో రాయి.

నీ నవల్లో నన్ను పట్టి ఆపిన చోటు ఒకటుంది, చెప్పకపోతే పాపం. మనీలాలో జపాన్‌వాళ్లుండే దిలావో పేటలో ఆ ముసలమ్మ. 1614లో క్రైస్తవులని వెళ్లగొడితే మనీలాకి వచ్చి, ఇరవై ఏళ్లుగా ముల్లంగి ఊరగాయ పెడుతూ, ఈ ఉప్పు వేరు, ఆ రుచి రావట్లేదు అనుకుంటూ, ప్రతిసారీ మొదటి ముక్క నోట్లో వేసుకుని ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం రాసినవాడివి నువ్వేనా అనిపించింది. 1635 తర్వాత ఆమె తిరిగి వెళ్తే మరణశిక్ష. ఆ సంగతి నువ్వు రాయలేదు, రాయకుండానే ఆ ముక్క నమలడంలో తెలిసిపోయింది. కానీ ఒకటిన్నర పేజీ ఇచ్చి, ఫిరంగి గుండుకి చంపేశావు.

ఆమె దగ్గరే మొదలుపెట్టు. తిరుగుబాటు ఆపకు. బదులుగా, షిగెమస 1630లో చనిపోలేదనుకో. అది ఒక్క మనిషి చావు, ఎవరి పన్నూ మాఫీ కానక్కర్లేదు, ఎవరి బాధా చెరపనక్కర్లేదు. రెండేళ్లకి దండు బయల్దేరుతుంది. షిమాబర ఒకప్పుడు అరిమ ప్రభువుల క్రైస్తవ సీమ. అంటే క్రైస్తవాన్ని వేరుతో పెకలించడానికి మనీలా పోతున్న ఆ ఓడల్లో తెడ్లు వేసేవాళ్లు, బియ్యం మోసేవాళ్లు, పైకి మతం వదిలేశామని చెప్పి రాత్రిళ్లు గుట్టుగా ప్రార్థన చేసుకునేవాళ్ల కొడుకులు. వాళ్లలో ఒకడికి, ఇరవై ఏళ్లవాడికి, వాళ్ల నాన్నకి గడ్డి కోటు తొడిగిన రోజు కళ్లముందే ఉంది. వాడు రాత్రిపూట దిలావోలో నీళ్ల కోసం ఒక తలుపు తడతాడు. లోపల ముల్లంగి వాసన. ఆ ముసలమ్మ వాడి యాస వినగానే ఏ ఊరివాడో పట్టేస్తుంది.

అక్కడ ఆమె వాణ్ణి ఏమడుగుతుంది? వాడు మొదట నీళ్లు తాగుతాడా, మోకరిల్లుతాడా, కత్తి తీస్తాడా? అది నాకు తెలియదు, నీకే తెలియాలి. ఆ రాత్రి ఒక్కటే యాభై పేజీలు పట్టనీ, ఫరవాలేదు, ఎవరు నిడివి ఎక్కువైందన్నా వినకు.

సంక్రాంతి లోపల ఆ యాభై పేజీలు పంపు. వాడి నాన్న ఎన్ని కొకులు బాకీ ఉన్నాడో మొదటి పేజీలోనే కనబడాలి.

ఇట్లు,
అమ్మమ్మ వయసు దాటిన మీ రచయిత్రి