పందుల దాణాలో మొక్కజొన్నకు బదులు ఏం వేయాలి?

అల్లుడూ,

మొక్కజొన్న రేటు చూసి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. కోళ్ల ఫారాలు, ఇథనాల్ ఫ్యాక్టరీలు పోటీ పడి కొంటుంటే మనబోటి చిన్న షెడ్లకు అందకపోవడంలో వింతేముంది? వేరే గింజలు వాడుకో, తప్పేం లేదు. సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) మాత్రం తగ్గించకు. బలం ఏ గింజైనా ఇస్తుంది. ఎదిగే పందికి కండ పట్టాలంటే మాంసకృత్తుల్లో ఉండే లైసిన్ కావాలి, అది ఏ గింజలోనూ చాలినంత ఉండదు, సోయా చెక్క నుంచే రావాలి. చెక్క తగ్గించి మిగుల్చుకున్నది కొవ్వుగా పేరుకుంటుంది, కొనేవాడు దానికి రేటు కోస్తాడు.

నన్నడిగితే ముందు నూకలు చూడు. పీచు తక్కువ, సులువుగా అరుగుతాయి, మొక్కజొన్న మొత్తం తీసేసినా ఇబ్బంది ఉండదు. మిల్లులో బస్తా విప్పించి లోపలికంటా చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలినా, గడ్డలుగా చేతికొచ్చినా, ముక్క వాసన కొట్టినా సగం రేటుకిచ్చినా వద్దను. బూజు విషం ఉడకబెట్టినా పోదు. తవుడైతే నూనె తీసిందే కొను. పచ్చి తవుడు నాలుగు రోజులు నిలవుంటే చెడుతుంది.

తెల్ల జొన్న కూడా మొక్కజొన్నకు దాదాపు సాటే. పిట్టలు ముట్టని ఎర్ర జొన్నతోనే పేచీ. అందులో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, మాంసకృత్తులను అరగనివ్వదు. నాలుగు గింజలు నమిలి చూడు, నాలుక వగరుగా పట్టేస్తే పక్కన పెట్టేయ్. విత్తనాల కొట్టులో మిగిలిపోయిన రంగు గింజలు చవగ్గా ఇస్తామంటారు. అవి మందు పట్టించినవి, వాటి జోలికే పోకు.

సజ్జల్లో మాంసకృత్తులు మొక్కజొన్న కన్నా కాస్త ఎక్కువే. చిక్కల్లా గింజ చిన్నది. మొక్కజొన్న ఆడించే 3 మిల్లీమీటర్ల జల్లెడే ఉంచితే చాలా గింజలు నలక్కుండానే కిందికి దిగిపోతాయి. షెడ్డు కడిగేటప్పుడు పెంట చూడు, గింజలు గింజలుగానే కనిపిస్తే నీ డబ్బు కాలువ పాలైనట్టే. సన్న జల్లెడ మార్పించు. అలాగని పిండి చేయించకు, కడుపులో పుండ్లు పడతాయి. రవ్వలా ఉండాలి.

20 నుంచి 50 కిలోల పందులకు వంద కిలోల దాణా ఇలా కలుపు: గింజలు 63 కిలోలు, సోయా చెక్క 22, నూనె తీసిన తవుడు 12, మినరల్ మిక్చర్ రెండున్నర, ఉప్పు అర కిలో. ఆ 63లో ఏది ఎంతన్నది ఆ వారం రేట్లను బట్టి చూసుకో. మాంసకృత్తులు సుమారు 17 శాతం వస్తాయి.

మార్చేది మాత్రం ఒక్కసారిగా మార్చకు. పాత దాణాలో కొంచెం కొంచెం కలుపుతూ వారం, పది రోజులు తీసుకో, లేకపోతే పారుకుంటాయి. ఒక గదిలో పందులను పదిహేను రోజులకోసారి తూకం వేసి, కిలో బరువు పెరగడానికి ఎంత దాణా పట్టిందో పుస్తకంలో రాసి పెట్టు. బస్తా రేటు కాదు, ఆ లెక్క పట్టుకునే సంక్రాంతికి రా. కూర్చుని చూద్దాం.

మీ మామయ్య