పాత గేముల అలమర అత్యవసర నిధి కాదు

ప్రశ్న: కొన్నేళ్లుగా పాత వీడియో గేముల కార్ట్రిడ్జ్‌లు (గేము ఉండే ప్లాస్టిక్ డబ్బాలు), కన్సోళ్లు (వాటిని ఆడించే యంత్రాలు) సేకరిస్తున్నాను. నా పొదుపులో ఎక్కువ భాగం వాటిలోనే ఉంది. ఇప్పుడు ఒకరు తమ సేకరణ మొత్తాన్ని అమ్ముతున్నారు. వ్యక్తిగత రుణంతో దాన్ని కొని, రెండేళ్ల తర్వాత అమ్మి అప్పు తీర్చాలని ఆలోచన. అవసరమైతే కొన్ని గేములు అమ్ముకోవచ్చు కాబట్టి విడిగా అత్యవసర నిధి పెట్టుకోలేదు. ఇది సరైనదేనా?

జవాబు: కాదు, ఈ రుణం తీసుకోకండి. వడ్డీ మొదటి నెల నుంచే కట్టాలి, లాభం మాత్రం రెండేళ్ల తర్వాత వస్తుందో రాదో తెలియదు. దీన్ని పెట్టుబడి అనడానికి నాకు మనసొప్పదు. అయితే నన్ను అంతకంటే ఎక్కువగా కలవరపెట్టింది, విడిగా అత్యవసర నిధి పెట్టుకోలేదన్న మీ మాట. స్టాంపులు, గడియారాలు సేకరించేవారు కూడా ఇదే పొరపాటు చేస్తుంటారు కనుక మీ ప్రశ్నకు ఇక్కడ జవాబిస్తున్నాను.

దొరకనిదల్లా విలువైనది కాదు. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మామూలు అమ్మకంలో లేవని 2023లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది, కానీ వాటిలో చాలావాటిని అడిగేవారే లేరు. అడిగేవారున్న గేమును ప్రచురణకర్త డిజిటల్‌గా మళ్లీ విడుదల చేస్తే, ఆడుకోవడానికే వెతుకుతున్నవారు అటు వెళ్లిపోతారు. 2021 జూలైలో ‘సూపర్ మారియో 64’ గేము కాపీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికిన మాట నిజమే, అయితే అది సీలు విప్పని, ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి ఇచ్చే గ్రేడుల్లో చాలా ఎక్కువది పొందిన కాపీ. మీ అలమరలోని విప్పిన కార్ట్రిడ్జ్‌లకు ఆ లెక్క వర్తించదు.

ఇక అమ్మకం సంగతి. ఆటను సేవ్ చేసుకునే కార్ట్రిడ్జ్‌లు చాలావాటిలో చిన్న బ్యాటరీ ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది అయిపోతుంది. నకిలీలు విరివిగా తిరుగుతున్నందువల్ల, జాగ్రత్తపరుడైన కొనుగోలుదారు స్క్రూలు విప్పి లోపలి బోర్డు ఫొటో పంపమంటాడు, ఆపైన బేరమాడతాడు, సరుకు చేరాక ఏదో లోపం చూపి వెనక్కి పంపినా పంపుతాడు. ఆన్‌లైన్ అమ్మకపు వేదిక రుసుము, రవాణా ఖర్చు పోను మిగిలేదే మీ చేతికి వస్తుంది. ఆసుపత్రి బిల్లు అంతవరకు ఆగదు. పైగా ఉద్యోగాలు పోయే రోజుల్లో మీలాంటి సేకర్తలు మరెందరో ఒకేసారి అమ్మకానికి దిగుతారు కనుక, మీకు డబ్బు అత్యవసరమైన రోజే ధర పడిపోయే ప్రమాదం ఎక్కువ. అత్యవసర నిధికి ఉండవలసిన మొదటి లక్షణం, అంటే వెంటనే చేతికందడమే, మీ అలమరకు లేదు.

కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము, అడిగిన రోజే చేతికందేలా బ్యాంకు పొదుపు ఖాతాలోనో డిపాజిట్‌లోనో చేరేవరకు కొత్త గేము ఒక్కటీ కొనకండి. రెండేసి ప్రతులున్నవాటిని, మీరు ఎన్నడూ ఆడనివాటిని, తొందర లేని ఇప్పుడే నిదానంగా అమ్మి ఆ సొమ్మును నిధిలో వేయండి. క్రెడిట్ కార్డు బకాయి ఏదైనా ఉంటే ముందు దాన్ని తీర్చండి. మిగిలే సేకరణకు గృహ బీమా వర్తిస్తుందో లేదో పాలసీలో చూసుకోండి. షేర్లు, ఫండ్ల మాట నిధి పూర్తయ్యాకే.

అమ్ముతున్న వ్యక్తికి మొత్తం సేకరణ వద్దని చెప్పండి. నిజంగా ఆడాలని ఉన్న ఒకటి రెండు గేములను, నిధి పూర్తయ్యాక జీతంలో మిగిలే డబ్బుతో, అప్పటికీ ఉంటే కొనుక్కోండి.