తాతగారి రైఫిల్‌కి బ్యారెల్ మార్చే ముందు జేబులోంచి పది రూపాయల నోటు తీయండి

తాతల నాటి ఫ్యాక్టరీ హంటింగ్ రైఫిల్ మీ పేరు మీదికి వచ్చింది, 300 గజాల్లో గురి కుదరాలంటే బ్యారెల్ (గొట్టం) మార్చాలా, ఖరీదైన స్కోప్ (గురి చూసే దుర్బిణి) కొనాలా అని అడిగారు. రెండూ వద్దండి. కనీసం ఇప్పుడే వద్దు. నేనేమీ గన్‌స్మిత్‌ని (తుపాకులు బాగుచేసేవాణ్ణి) కాదు, కూకట్‌పల్లిలో ఉంటూ పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. కానీ మీరు చేయబోయే తప్పు నేను ఆల్రెడీ చేసేశాను, డబ్బులు కూడా తగలేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మా తాతయ్యది ఇంగ్లండ్‌లో చేసిన బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ (గడియ) లాగి మూయాలి; .30-06 అనేది దాని తూటా రకం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆయన వేట మానేశారు. ఆ తర్వాత అది బీరువాలో నూనె రాసుకుని పడుకుంది. హంటింగ్ రైఫిల్ అనేది మన దగ్గర పేరుకే, వేటకు వెళితే జైలే, కాబట్టి ఇక్కడ నేను చెప్పేదంతా కాగితం టార్గెట్ గురించే. ఇంట్లో మొత్తం మూడు ఉండేవి. 2019లో ఆయుధాల చట్టం సవరించి ఒకరికి మూడు కాదు రెండే అన్నారు కదా, అప్పుడు 12 బోరు తుపాకీని వదులుకోవాల్సి వచ్చింది. దాని చెక్క మీద తాతయ్య చెయ్యి ఆనీ ఆనీ నునుపు తేలిన చోటు ఒకటి ఉండేది, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సరే, అది వేరే గోడు.

రైఫిల్ నా లైసెన్స్‌లోకి ఎక్కాక (ఆ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో అడక్కండి) అనుమతి ఉన్న రేంజ్‌కి పట్టుకెళ్లి 100 గజాల దగ్గర ఐదు తూటాలు కాల్చాను. మొదటి రెండూ పక్కపక్కనే పడ్డాయి, నేను గగన్ నారంగ్ అంతటివాణ్ణని ఓ నిమిషం అనుకున్నాను కూడా, మన హైదరాబాద్ నుంచే వెళ్లి 2012 లండన్‌లో కాంస్యం తెచ్చాడు కదా. మూడోది రెండంగుళాలు కుడికి జరిగింది. నాలుగోది ఇంకొంచెం కుడికి, ఐదోది ఇంకా. అరచెయ్యి పెట్టినా మూతపడనంత వెడల్పు. నాతో వచ్చిన మా బావమరిది "బావా, బ్యారెల్ పోయింది, లేకపోతే నీ కళ్లు పోయాయి" అన్నాడు. బ్యారెల్ మార్చడం అంటే మన దగ్గర ఎంత తతంగమో తెలుసు కాబట్టి కళ్ల వైపు వెళ్లాను. నా నెల జీతంలో పెద్ద ముక్కే పోసి స్కోప్ కొన్నాను. ఫలితం? గ్రూప్, అంటే తూటాలన్నీ కలిసి పడ్డ మేర, అంతే వెడల్పు. కాకపోతే ఎంత అధ్వానంగా కొడుతున్నానో ఇప్పుడు తొమ్మిది రెట్లు పెద్దగా కనిపించేది.

పాతబస్తీలో లైసెన్స్ ఉన్న ఒక దుకాణం వెనక గదిలో పనిచేసే ఉస్తాద్ దగ్గరికి ఎవరో పంపారు. డెబ్బై దాటి ఉంటాయి. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. స్కోప్ వైపు చూడను కూడా లేదు. బోల్ట్ బయటికి లాగి, చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీయా అని వేలు పెట్టి చూసి, నా వైపు చెయ్యి చాచి "దస్ రూపయే కా నోట్ దేవ్" అన్నాడు. ఛాయ్‌కేమో అనుకుని ఇచ్చాను. ఆయన ఆ నోటును పొడవుగా మడిచి, బ్యారెల్ కింద, చెక్క కొస దగ్గర దూర్చి, రెండు చివరలూ పట్టుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. నాలుగంగుళాలు వచ్చి నోటు ఆగిపోయింది. ఇంకొంచెం లాగితే చిరిగేదే. "నలీ కు కుఛ్ నై హువా సాబ్, లక్డీ కా లఫ్డా హై" అన్నాడు. గొట్టానికేం కాలేదు, పేచీ అంతా కొయ్యదే అని.

తర్వాత స్క్రూలు విప్పి చెక్క వేరు చేశాడు. దీపం మీద పట్టిన మసిని బ్యారెల్ అడుగున కాటుకలా పల్చగా రాసి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పి నాకు చూపించాడు. కొయ్య గాడిలో ఎడమ పక్కన వేలెడంత నల్లటి మచ్చ, కింద ఇంకొకటి చిన్నది. అంటే ఆ చోట చెక్క ఉబ్బి బ్యారెల్‌ని ఎడమ వైపు నుంచి నెడుతోంది. చల్లగా ఉన్నప్పుడు కొంచెం, రెండు తూటాలు పేలి వేడెక్కాక ఇంకా ఎక్కువ. అందుకే నా గుండ్లు ఒకదాని వెనక ఒకటి కుడికి నడిచాయి! సన్నటి వేట బ్యారెల్స్‌తో వచ్చే గొడవే ఇది. మోయడానికి తేలిగ్గా ఉండాలని పల్చగా చేస్తారు, గబగబా వేడెక్కుతాయి, ఏదైనా ఆనితే వెంటనే పక్కకు జరుగుతాయి.

సాండ్‌పేపర్‌ని ఒక పైపు ముక్కకు చుట్టి ఆ మచ్చలు పోయేదాకా, నోటు సాఫీగా జారి వెనక్కి వచ్చేదాకా గీకాడు. గీకిన చోట పచ్చి చెక్క తేలుతుంది కదా, దాన్ని అలా వదిలేస్తే మళ్లీ తేమ తాగుతుందని వార్నిష్ పట్టించాడు. ఆ తర్వాత యాక్షన్ (బోల్ట్ ఆడే లోహపు భాగం) చెక్కలో కూర్చునే చోట ఎపాక్సీ జిగురు పోసి, అది అచ్చు తీసినట్టు సరిగ్గా ఒదిగేలా చేశాడు, దీన్నే బెడ్డింగ్ అంటారు. అంటుకుపోకుండా లోహానికి బూట్ల పాలిష్ రాశాడు, నేను నవ్వితే ఆయన నవ్వలేదు. మొత్తం ఖర్చు నేను స్కోప్ మీద పెట్టినదాంట్లో పదో వంతు కూడా కాదు. ఆ తర్వాతి వారం అదే రేంజ్, అదే 100 గజాలు, తూటాకీ తూటాకీ మధ్య బ్యారెల్ చల్లారనిచ్చి ఐదు కాల్చాను. అంగుళంన్నర. నా చేతికి అదే ఎక్కువ.

అసలు ఆ చెక్క ఎందుకు ఉబ్బింది అంటే, అక్కడికే వస్తున్నా. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్స్ తుపాకులు పోలీసులు డిపాజిట్ చేయమంటారు. 2018 డిసెంబర్‌లో అసెంబ్లీ, ఆ వెంటనే పంచాయతీలు, 2019 ఏప్రిల్‌లో లోక్‌సభ. ఇచ్చిరావడం, తెచ్చుకోవడం, మళ్లీ ఇచ్చిరావడం. చివరికి విసుగొచ్చి ఆ వానాకాలం అయిపోయేదాకా అక్కడే వదిలేశాను. గాలి ఆడని గదిలో, రెగ్జిన్ సంచిలో, ఆగస్టు తేమలో. మన ఊళ్లో ఏప్రిల్‌లో చెక్క ఎండి కుంచించుకుపోతుంది, ఆగస్టులో ఉబ్బుతుంది, ఇంటి తలుపులు వానాకాలంలో పట్టేసినట్టే. అమెరికా వాళ్ల వీడియోలు చూసి బ్యారెల్ మార్చాలనుకునేవాళ్లకు ఈ తలుపు సంగతి ఎందుకు గుర్తురాదో నాకు అర్థం కాదు.

ఇక మీ 300 గజాలు. క్రికెట్ పిచ్ 22 గజాలు, అలాంటివి దాదాపు పద్నాలుగు వరసగా పరిస్తే అంత దూరం. 100 దగ్గర మూడంగుళాల గ్రూప్ కొట్టే రైఫిల్ అక్కడికి వెళ్లేసరికి తక్కువలో తక్కువ తొమ్మిదంగుళాలు. .30-06ని 100 గజాలకు జీరో చేసి (అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్ది) ఉంచితే 300 దగ్గర తూటా సుమారు అడుగు కిందికి దిగుతుంది, అది లెక్క కట్టి సర్దుకోవచ్చు. గాలే అసలు శత్రువు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి, అంటే చెట్టు ఆకులు బాగా కదిలేంత, అంతే, తూటాని అర అడుగు పక్కకు తోసేస్తుంది. దీనికి ఏ బ్యారెల్ ఏం చేస్తుంది చెప్పండి?

ఇంకా అడిగితే, అసలు 300 గజాలు కాల్చే చోటేది మనకు? నాకు దొరికేది 100. ఊళ్లో చాలా లేన్లు 10, 25, 50 మీటర్లవే. పొలాల్లోకి పోయి ట్రై చేద్దాం అని మాత్రం అనుకోకండి, లైసెన్స్ పోతుంది, తూటా ఎక్కడికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

తూటాల సంగతి. ఒకే బరువు గుండు, ఒకే రకం పెట్టెకు కట్టుబడండి. మా బావమరిది రెండు రకాలు కలిపి కాల్చి రైఫిల్‌ని తిట్టేవాడు. మీ రైఫిల్‌కి ఏది పడుతుందో రెండు మూడు రకాలు కాల్చి చూస్తేనే తెలుస్తుంది, ఆ ఖర్చు స్కోప్ ఖర్చు కంటే ఉపయోగం. మూడు తూటాల గ్రూప్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లను నేను అస్సలు నమ్మను. మూడు ఎవరికైనా దగ్గర పడతాయి, నాకూ మొదటి రెండు పడ్డాయిగా. పది కాల్చి చూపించమనండి.

బ్యారెల్ మీద అంత అనుమానముంటే మూతి అంచు చూడండి. చెవి శుభ్రం చేసుకునే దూది ఇయర్‌బడ్ తీసుకుని లోపలి నుంచి బయటికి అంచు చుట్టూ తిప్పండి (బోల్ట్ తీసేశాక, ఖాళీగా ఉందని రెండుసార్లు చూశాక). ఎక్కడైనా దూది పోగు పట్టుకుంటే అక్కడ నొక్కు ఉన్నట్టే, తూటా వదిలి వెళ్లే ఆఖరి క్షణంలో అది పక్కకు తన్నుతుంది. లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దాన్ని సరిచేస్తాడు. అంతేగాని ఎవరో చెప్పారని బ్యారెల్ కోసి పొట్టి చేయించకండి, అది నేరం. స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంట్ స్క్రూలు కూడా ఒకసారి చూడండి. నాకు ఒకటి గోటితో తిప్పితే తిరిగింది, అంత డబ్బు పోసిన స్కోప్ కింద!

ట్రిగ్గర్ తేలిక చేయించమంటారా అని కూడా అడిగారు. కొంచెం పర్లేదు, ముట్టుకుంటే పేలేలా మాత్రం వద్దు. 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్ పోటీల్లోనే ట్రిగ్గర్ కనీసం 1500 గ్రాముల బరువుతో లాగితేనే పేలాలని నిబంధన, మనమేం ఒలింపిక్స్‌కి వెళ్లట్లేదు. ఆ డబ్బుతో .177 (గుండు వ్యాసం, అంగుళాల్లో) ఎయిర్ రైఫిల్ ఒకటి కొనుక్కోండి, గుండు శక్తి 20 జౌల్స్ లోపుదైతే లైసెన్స్ అక్కర్లేదు. 10 మీటర్ల టార్గెట్‌లో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. డాబా మీద గోడకు మందపాటి చెక్క ఆనించి రోజూ యాభై కాలిస్తే, ట్రిగ్గర్ లాగేటప్పుడు మీ చెయ్యి ఎంత వణుకుతుందో అది మొహమాటం లేకుండా చెబుతుంది.

ఇంకొక్కటి, మర్చిపోయేలా ఉన్నాను. శుభ్రం చేయడానికి మీరే చెక్క విప్పుతారు కదా, ముందు స్క్రూ ఏది, వెనక స్క్రూ ఏది అని రెండు కవర్లలో పెట్టి పేర్లు రాసుకోండి. చాలా వాటిలో అవి ఒకే పొడవు ఉండవు. మా బావమరిది మార్చి బిగించాడు, బోల్ట్ మూసుకోలేదు, పొడవు స్క్రూ కొస లోపల అడ్డంగా తన్నింది. రైఫిల్ పాడైపోయిందని అర్ధరాత్రి నాకు ఫోన్.