బొమ్మ మోకాళ్లు నిలబడట్లేదా?

ప్రశ్న: ఎయిర్ డ్రై క్లేతో (గాలికే ఆరి గట్టిపడే మట్టి) సొంతంగా బాల్ జాయింటెడ్ బొమ్మ చేశాను, అంటే కీళ్ల దగ్గర బంతులుండి, లోపల ఎలాస్టిక్ తాడుతో కలిపి కట్టే బొమ్మ. ఎలాస్టిక్ లాగి కట్టి నిలబెడితే మోకాళ్లు మడిచేసి కూలబడుతోంది. బంతి చిన్నదైందా?

జవాబు: బంతిని అనే ముందు అది కూర్చునే గుంత చూడండి. ఈ క్లే ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి, తడిగా ఉన్నప్పుడు చక్కగా కూర్చున్న కీలు ఆరాక వదులవుతుంది (నా మొదటి బొమ్మ తల గాలిపంకాలా తిరిగేది!). బంతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, గుంతలో కాస్త తడి క్లే పెట్టి, అదిమి తిప్పండి, అచ్చు పడుతుంది. ఆరాక సాండ్‌పేపర్ పట్టండి, మాస్క్ పెట్టుకునే. అసలు దొంగ మాత్రం ఎలాస్టిక్ వెళ్లే గాడి అని నా అనుమానం: కాలు చాపినప్పుడు తాడు బంతి మధ్యకన్నా కొంచెం ముందుగా వెళ్లాలి, వెనగ్గా వెళ్తే ఎంత బిగించి కట్టినా మోకాలు మడుస్తూనే ఉంటుంది. ఇంకా జారితే గుంతలో పల్చటి స్వెడ్ (గరుకుగా ఉండే మెత్తటి తోలు) ముక్క అంటించండి.