ప్రశ్న – జవాబు

ప్రశ్న: వేరే దేశం నుంచి వలస వెళ్లి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో నిలదొక్కుకున్నవాళ్లున్నారా?

జవాబు: ఉన్నారు. నాకు మొదట గుర్తొచ్చేది జిమ్ స్టైన్స్. ఐర్లండ్‌లోని డబ్లిన్ కుర్రాడు. అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ ఆడేవాడు, అందులో బంతి గుండ్రంగా ఉంటుంది. 1984లో మెల్‌బోర్న్ క్లబ్‌కి వెళ్లి, కోడిగుడ్డు ఆకారపు బంతితో మళ్లీ ఓనమాలు దిద్దాడు.

1987 ప్రిలిమినరీ ఫైనల్, అంటే గెలిస్తే ఫైనల్‌కి వెళ్లే మ్యాచ్. చివరి క్షణాలు, మెల్‌బోర్న్‌దే ఆధిక్యం. ఫ్రీ కిక్ కొట్టబోతున్న ప్రత్యర్థి క్లబ్ హాథార్న్ ఆటగాడి ముందు నుంచి స్టైన్స్ అడ్డంగా పరుగెత్తాడు. నిబంధన ప్రకారం అంపైర్ కిక్‌ని 15 మీటర్లు ముందుకు జరిపాడు. సైరన్ మోగాక గోల్ పడింది. 2 పాయింట్ల తేడాతో ఓటమి! ఇంకొకరైతే మూటాముల్లె సర్దుకునేవారేమో. అతను ఆడుతూనే ఉన్నాడు. 1991లో లీగ్‌లో ఆటగాడికిచ్చే అత్యున్నతమైన ‘బ్రౌన్‌లో’ అనే పతకం గెలిచాడు. ఒళ్లు హూనమయ్యే ఆ ఆటలో వరసగా 244 మ్యాచ్‌లు ఆడాడు. నా దృష్టిలో పతకం కన్నా అదే గొప్ప.