ఫోను గరాజ్‌లో ఎందుకు మాట్లాడుతున్నారు?

ప్రశ్న (కుదించిన ఉత్తరం): మేం టెక్సాస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీలో రెండో సంవత్సరం. అక్కడి లాంగ్‌హార్న్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. ఫుట్‌బాల్ ఆటల్లో వాయించే యూనివర్సిటీ పాట ‘ది ఐస్ ఆఫ్ టెక్సాస్’ నల్లవాళ్లని అవమానించేదని పిల్లలు గొడవ చేస్తే, తనూ వాయించనంది. 2020 అక్టోబరు నుంచి మావారు దానితో మాట్లాడటం లేదు. ఆ పాట వాయించనివాళ్లకి 2022 నుంచి వేరే బ్యాండ్ పెడతామని 2021లో యూనివర్సిటీ చెప్పింది. అందులో చేరతానంటోంది. చేరితే ఫీజు కట్టనంటున్నారు ఆయన. ఆయన ఇంట్లో ఉంటే నేను గరాజ్‌లో, కారులో కూర్చుని దానితో మాట్లాడుతున్నాను. మా గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. ఇలాంటివాటిలో పేరుంటే ఇబ్బందా? దానికి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: గ్రీన్‌కార్డు సంగతి మీ లాయరుకి ఒక్క మెయిల్ పెట్టి అడగండి, టెన్షన్ తీరిపోతుంది. యూనివర్సిటీయే పెడుతున్న బ్యాండ్‌లో క్లారినెట్ వాయించడం తప్పెలా అవుతుందమ్మా? ఇక నచ్చజెప్పడం అంటారా, ఆ పిల్లకి నచ్చజెప్పాల్సిందేమీ నాకు కనబడలేదు.

ఆ పాటని మొదట పాడింది 1903లో, ఆస్టిన్‌లో జరిగిన ఒక మిన్‌స్ట్రెల్ షోలో. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్లని వెక్కిరించి నవ్వించే ప్రదర్శనలవి. పాట రాసినవాళ్లకి దురుద్దేశం లేదని యూనివర్సిటీ కమిటీ 2021 మార్చిలో చెప్పింది. ఉండకపోవచ్చు. కానీ ఆట అయ్యాక చెయ్యెత్తి ఆ పాట పాడుతూ నిలబడాల్సిన నల్లజాతి కుర్రాడికి ఆ మాట ఏం ఓదార్పు? 2020 జూన్‌లో ఆటగాళ్లే ముందుకొచ్చి దాన్ని మార్చమన్నారు. వాయించడానికి సరిపడా పిల్లలు ఒప్పుకోక, అక్టోబరులో ఒక ఆటకి బ్యాండే రాలేదు. ఒప్పుకోనివాళ్లలో మీ అమ్మాయి ఒకతి. కష్టపడి సంపాదించుకున్న చోటుని పక్కవాడి మర్యాద కోసం వదులుకోవడానికి సిద్ధపడింది. పెంపకం అంటే ఇదేనని నేననుకుంటాను.

‘వాళ్ల గొడవ మనకెందుకు, బతకడానికొచ్చాం’ అని మీవారు అన్నారని రాశారు. ఎందుకో చెప్తాను. ఇదే యూనివర్సిటీ 1946లో హీమన్ స్వెట్ అనే ఉత్తరాల బట్వాడా ఉద్యోగికి, నల్లవాడన్న ఒక్క కారణంతో లా సీటు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1950లో గెలిచాడు. అలాంటివాళ్ల పోరాటాల వల్ల 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడే, మనలాంటి దేశాలవాళ్లకి తలుపు తీసిన వలస చట్టం వచ్చింది. మీవారు అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నారంటే అందులో వాళ్ల చెమట ఉంది. ఆ పాట ‘ఎప్పటినుంచో ఉన్న ఆచారం’ అన్న మాట ఆయనకి కొత్తా? ఆయన చిన్నప్పుడు ఊరి టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని మీరే రాశారు. అదీ ఎప్పటినుంచో ఉన్నదే.

అయినా మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది పాట కాదు, ఆ గరాజ్.

కన్నకూతురితో మాట్లాడటానికి మీరు మొగుడి కళ్లుగప్పి కారులో కూర్చుంటున్నారు. అక్టోబరు నుంచి ఇదే వరస. ఉత్తరం నిండా ఆయన ఏమన్నారో ఉంది, అమ్మాయి ఏమందో ఉంది. మీరేమనుకుంటున్నారో ఒక్క వాక్యం లేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మోస్తున్నారు. మోసేవాళ్లు ఉన్నంతకాలం ఆ ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోరు. బిడ్డ తప్పు చేసిందన్నది ఆయన మాట. మీకూ అలా అనిపిస్తోందా? అనిపించకపోతే ఆ సంగతి ఆయనకి చెప్పాల్సింది మీరే, నేను కాదు. సంసారంలో సర్దుకుపోవాలని నమ్మే మనిషినే నేనూ. కానీ సర్దుకుపోవడం వేరు, భయపడి నోరు కుట్టేసుకోవడం వేరు.

ఆయన దుర్మార్గులని నేననను. సీటొచ్చిన రోజున యూనివర్సిటీ నారింజరంగు టీషర్టు కొనుక్కుని, కారుకి దాని గుర్తయిన కొమ్ముల స్టిక్కర్ అంటించుకున్న తండ్రి ఆయన. ఆఫీసులో ఆ యూనివర్సిటీలో చదివిన పెద్దవాళ్ల ముందు తల కొట్టేసినట్టయిందని ఆయన బాధ. ఆ బాధ విని ఊరుకోండి, తప్పులేదు. కానీ ఫీజుని ఆయుధం చేసుకోనివ్వకండి. పాట తీసేస్తే విరాళాలు ఆపేస్తామని డబ్బున్న పెద్దలు యూనివర్సిటీకి మెయిళ్లు రాశారు కదా, పిల్ల దగ్గర కన్నతండ్రి కూడా అదే పని చేస్తే ఎలా?

అమ్మాయికీ ఒక మాట. ‘నువ్వూ వాళ్లలాంటివాడివే’ అని తండ్రిని మెసేజ్‌లో అంది. అది తప్పు. పాట గురించి వెనక్కి తగ్గక్కర్లేదు గానీ, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవాలి. అదీ మీ ద్వారా కాదు, తనే ఫోన్ చేసి చెప్పాలి. ఆయన ఎత్తకపోతే మళ్లీ చెయ్యమనండి.

ఈసారి అమ్మాయి ఫోన్ చేసినప్పుడు లేచి గరాజ్‌లోకి వెళ్లకండి. ఆయన పక్కనే సోఫాలో కూర్చుని మామూలుగా మాట్లాడండి. తిన్నావా, చదువెలా ఉంది, ఎప్పుడొస్తున్నావు అని. ఆయన లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. ఆ రాత్రి మీ మనసులో ఉన్నది ఆయనతో చెప్పండి. ఫీజు గడువులోగా ఆయన కట్టకపోతే మీరు కట్టండి. మీకూ ఉద్యోగం ఉంది, మీ జీతమూ ఆ ఇంటిదే. చాటుగా మాత్రం వద్దు, కడుతున్నానని ఆయనకి చెప్పే కట్టండి.