లంబాడి డ్రెస్ వేసుకుంటే ఇంత గొడవా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో మావారు, ఆరేళ్ల పాప, అత్తగారు, మరిది. పోయిన నెల మా ఆఫీసులో ఎత్నిక్ డే చేశారు. నేనూ, ఇద్దరు ఫ్రెండ్సూ లంబాడి డ్రెస్సులు అద్దెకు తెచ్చుకుని డ్యాన్స్ చేశాం. మధ్యలో సరదాకి వాళ్ల యాసలో రెండు మూడు డైలాగులు కూడా చెప్పాం. అందరూ బాగా నవ్వారు. ఆ వీడియో ఇన్‌స్టాలో పెట్టాను. రెండు రోజులకే ఎవరో దాన్ని షేర్ చేసి, 'మా బట్టలు మీకు కామెడీ వేషాలా?' అని రాశారు. అప్పటి నుంచి ఒకటే తిట్లు. కొందరు పాప ఫొటో తీసి అసహ్యంగా రాశారు. మరోపక్క కొందరు బంజారా వాళ్లే 'చాలా బాగుంది అక్కా' అని పెట్టారు. ఎవరి మాట నమ్మాలి? మరిది నా తరఫున కామెంట్లలో గొడవ పడుతున్నాడు. మావారు 'పరువు తీశావు, అన్నీ డిలీట్ చెయ్' అంటున్నారు. మా టీమ్‌లో తండా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. నాతో ఎంతో చనువుగా ఉండేది, ఇప్పుడు ముభావంగా ఉంటోంది. నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఎవరినీ కించపరచాలనుకోలేదు. బట్టలకు కూడా కులం, తెగ ఉంటాయా? వచ్చే నెల పాప స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్. లంబాడి వేషమే అనుకున్నాం. వద్దంటారా?
- పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ముందు పాప ఫొటో సంగతి చూద్దాం. మిగతావన్నీ రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. ఆ వీడియో తీసేసేలోపే బెదిరింపులు, బూతులు, పాప మీద రాసిన రాతలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. రాసినవాళ్ల ప్రొఫైల్ పేరు, లింకు, తేదీ కనిపించాలి. వీడియో తీసేస్తే దాని కింద కామెంట్లూ పోతాయి, అప్పుడు మీ చేతిలో ఆధారం ఉండదు. తర్వాత జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో గానీ, షీ టీమ్స్‌కు గానీ ఫిర్యాదు చేయండి. మీ వైపు పొరపాటు ఉంటే ఉండొచ్చు. అంతమాత్రాన ఆరేళ్ల పిల్ల జోలికి వచ్చే హక్కు ఎవరికీ లేదు. 'తప్పు నాదే కదా, ఏ మొహం పెట్టుకుని ఫిర్యాదు చేయను' అని వెనకాడకండి. మీ అకౌంట్‌ని కొన్నాళ్లు ప్రైవేట్‌లో పెట్టండి, పాప ఫొటోలన్నీ తీసేయండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరు చకచకా దాటిపోయిన వాక్యం ఒకటుంది. 'సరదాకి వాళ్ల యాసలో రెండు మూడు డైలాగులు కూడా చెప్పాం' అని. గొడవంతా డ్రెస్ వల్లే వచ్చిందని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం ముల్లు ఇక్కడే ఉందనిపిస్తోంది. వచ్చీరాని తెలుగు మాట్లాడే లంబాడి మనిషిని స్టేజీ ఎక్కించి నవ్వించడం మన నాటకాల్లో, సినిమాల్లో, కాలేజీ ఫంక్షన్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఇంట్లో తమ లంబాడి భాష గోర్ బోలి మాట్లాడి, బడికెళ్లాక తెలుగు నేర్చుకున్న పిల్లలు ఆ నవ్వు ఎదురుగా వినే పెరిగారు. మీరు వేసుకున్న పేటియా (లంగా), కాంచళి (రవిక) వాళ్లను అంతగా బాధపెట్టి ఉండకపోవచ్చు. అవి వేసుకుని ఆ యాస పట్టగానే అది అందం చూసి మురిసిపోవడంలా కాకుండా వెక్కిరింపులా కనిపించింది. మీరు ఆ ఉద్దేశంతో చేయలేదని నేను నమ్ముతున్నాను. కానీ చూసేవాళ్లకు మీ మనసు కనిపించదు, వీడియోనే కనిపిస్తుంది.

'బట్టలకు కులం, తెగ ఉంటాయా' అని అడిగారు. ఉండకూడదనే నేనూ కోరుకుంటాను. చుడీదార్లు మనవి కావు, ఉత్తరాది నుంచి వచ్చాయి. మొదట్లో పెద్దవాళ్లు గొణిగారు, ఇప్పుడు అమ్మమ్మలు కూడా వేసుకుంటున్నారు. ఎవరూ నొచ్చుకోలేదు. ఎందుకంటే చుడీదార్ వేసుకున్నందుకు పంజాబీ అమ్మాయిని మనం బస్సులో ఏడిపించలేదు. లంబాడి బట్టల సంగతి అలా జరగలేదు. తండాల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకున్న అమ్మాయిలు నాతో మాట్లాడినప్పుడు తరచూ ఒకటే చెబుతారు. పేరెంట్స్ మీటింగ్‌కు అమ్మ ఆ బట్టల్లో వస్తుందేమోనని భయపడేవాళ్లమని. అమ్మను చీర కట్టుకుని రమ్మని బతిమాలేవాళ్లమని. ఇప్పుడు చాలా తండాల్లో ఆ బట్టలు రోజూ వేసుకునేది ముసలివాళ్లే. వయసు అమ్మాయిలు తీజ్ పండక్కో, ఫిబ్రవరి 15న తమ గురువు సేవాలాల్ జయంతికో, ఇంట్లో పెళ్లికో వేసుకుంటారు. సిగ్గుపడి పెట్టెలో దాచుకున్న బట్టను మళ్లీ ధైర్యంగా బయటికి తీస్తున్న తరం ఇది. సరిగ్గా ఇప్పుడే అదే బట్ట ఆఫీసు స్టేజీ మీద నవ్వులకు వాడుకున్నట్టు కనిపిస్తే వాళ్లకు మండదా?

దీని వెనక పాత గాయం కూడా ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊళ్లకూ సైన్యాలకూ చేరవేసిన జనం బంజారాలు. మొఘలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండిగింజలు మోసినవాళ్లు. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. 1871లో ఆంగ్లేయుల ప్రభుత్వం తెచ్చిన నేరస్త తెగల చట్టం దేశంలో ఎన్నో సంచార జాతుల మీద పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేసింది. బంజారాల్లో కొన్ని సమూహాలకూ ఆ ముద్ర తప్పలేదు. 1952లో ఆ చట్టం పోయింది గానీ అనుమానపు చూపు పోలేదు. మనిషి ఫలానా అని దూరం నుంచే పట్టించేవి ఆ బట్టలే. బంజారాహిల్స్‌లో ఇల్లుంటే గొప్పగా చెప్పుకునే నగరంలో, ఆ పేరున్న మనుషుల పిల్లలు తమ ఇంటి బట్టను దాచుకున్నారంటే అది చిన్న బాధ కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లను అడిగితే ఇది ఇంకా బాగా చెబుతారు. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో 'డాట్‌బస్టర్స్' అని ఒక గుంపు బయల్దేరింది. మన ఆడవాళ్ల నుదుటి బొట్టును బట్టే ఆ పేరు పెట్టుకుంది. భారతీయులను ఊళ్లోంచి తరిమేస్తామని పత్రికకు ఉత్తరం రాసింది, దాడులు జరిగాయి. తర్వాత కొన్నేళ్లకే పాప్ గాయనులు అదే బొట్టు పెట్టుకుని స్టేజీ ఎక్కితే అది ఫ్యాషన్ అయింది. బొట్టు చెరిపేసుకుని బడికెళ్లిన తెలుగు పిల్లకు ఆ ఫ్యాషన్ చూస్తే ఏమనిపించి ఉంటుందో మీరు ఊహించగలరు. మీ టీమ్‌లో అమ్మాయి ముభావం కూడా అలాంటిదే కావచ్చు.

కొందరు బాగుందన్నారు, కొందరు తిట్టారు, ఎవరిని నమ్మాలని అడిగారు. ఇద్దరినీ నమ్మండి. 2018లో అమెరికాలోని యూటాలో ఒక హైస్కూల్ అమ్మాయి ఫేర్‌వెల్ పార్టీలాంటి ప్రామ్‌కు చైనావాళ్ల చీపావ్ గౌను వేసుకుని వెళ్లింది. అమెరికాలో పుట్టి పెరిగిన చైనా సంతతి వాళ్లలో చాలామంది మండిపడ్డారు. చైనాలో ఉన్నవాళ్లు మాత్రం ఎంతోమంది 'మా బట్ట నచ్చి వేసుకుంది, అందులో తప్పేముంది' అని ఆమెను వెనకేసుకొచ్చారు. 2015లో బోస్టన్ మ్యూజియంలో, జపాన్‌వాళ్ల కిమోనో వేసుకున్న స్త్రీని ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే గీసిన బొమ్మ ముందు సందర్శకులు కిమోనో తొడుక్కుని ఫొటో దిగే ఏర్పాటు చేసినప్పుడూ ఇదే జరిగింది. కొందరు ఆసియా సంతతి యువత నిరసనకు దిగితే, జపాన్ ఆడవాళ్లు కొందరు కిమోనోలు కట్టుకుని వచ్చి మాకేం అభ్యంతరం లేదన్నారు. తన దేశంలో తన మనుషుల మధ్య నిశ్చింతగా ఆ బట్ట కట్టుకున్నవాళ్లకు అది సరదా. పరాయి చోట ఆ బట్ట వల్లే మాటలు పడ్డవాళ్లకు అది దెబ్బ. తండాలో ఉన్న అవ్వ మీ వీడియో చూసి మురిసిపోవచ్చు. నగరంలో హాస్టల్లో ఏడ్చిన ఆమె మనవరాలికి కోపం రావచ్చు. మెచ్చుకున్నవాళ్లను చూపించి, నొచ్చుకున్నవాళ్ల నోరు మూయించే పని మాత్రం చేయకండి. 'వాళ్లలోనే కొందరు బాగుందన్నారు కదా' అన్న మాట ఎక్కడా రాయకండి, అనకండి.

మీ మరిది కామెంట్లలో గొడవ పడటం ఈ రోజే ఆగాలి. ప్రేమతోనే చేస్తున్నాడు, కాదనను. కానీ అతను రాసే ప్రతి మాటా మీ మాటగానే లెక్కకొస్తుంది. ఆ వీడియో తీసేయండి. గప్‌చుప్‌గా తీసేసి ఏమీ జరగనట్టు ఉండకుండా, ఎందుకు తీశారో నాలుగు వాక్యాల్లో చెప్పండి. 'నా వల్ల ఎవరైనా బాధపడి ఉంటే సారీ' అని రాయకండి. అలా రాస్తే బాధపడటం వాళ్ల తప్పన్నట్టు ఉంటుంది. ఇలా రాయొచ్చు: 'ఆఫీసులో బంజారా బట్టలు వేసుకుని, వాళ్ల మాట తీరును అనుకరించి నవ్వించాం. అది వెక్కిరింపే. చేసింది తప్పు. వీడియో తీసేశాను. క్షమించండి.' ఉద్దేశాలు, వివరణలు, 'నాకు బంజారా ఫ్రెండ్స్ ఉన్నారు' లాంటివి వద్దు. రాశాక కామెంట్లు ఆపేయండి. రోజూ ఎవరేమన్నారో చూసుకుంటూ కూర్చోవద్దు. మీ ఫ్రెండ్సిద్దరూ కలిసొస్తే ముగ్గురి పేర్లతో రాయండి. రాకపోతే మీ వంతు మీరు చేయండి, వాళ్ల కోసం ఆగకండి.

మీ టీమ్‌లోని అమ్మాయితో మాట్లాడటం దీనికన్నా కష్టం. నా దృష్టిలో దీనికన్నా ముఖ్యం కూడా. ఇన్‌స్టాలో తిట్టినవాళ్లు పది రోజుల్లో ఇంకొకరిని వెతుక్కుంటారు. ఆమె మాత్రం రోజూ మీ పక్క సీట్లోనే ఉంటుంది. ఆ రోజు డ్యాన్స్ జరుగుతున్నప్పుడు ఆమె కూడా ఆ హాల్లోనే ఉందా? మీరు రాయలేదు. ఉంటే, చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆమె ఏ మొహం పెట్టుకుని కూర్చుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆమెను క్యాంటీన్‌లో అందరి ముందు కాకుండా విడిగా కలవండి. 'ఆ రోజు యాసలో మాట్లాడి నవ్వించడం తప్పు. నువ్వు అక్కడుంటావన్న ఆలోచన కూడా నాకు రాలేదు. సారీరా' అంటే చాలు. మీకు చనువున్నట్టే, మీరెప్పుడూ పిలిచినట్టే పిలవండి. ఆ తర్వాత మౌనంగా వినండి. ఏడవకండి, ఎందుకంటే మీరు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. 'మీవాళ్లకు నా గురించి నువ్వైనా చెప్పు' అని అసలు అడగొద్దు. ఆమె మీ సహోద్యోగి, తన జాతి మొత్తానికి ప్రతినిధి కాదు. 'పర్లేదు అక్కా' అంటుందేమో, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోతుందేమో. ఏదైనా ఆమె ఇష్టం. మళ్లీ పాత చనువు రావడానికి నెలలు పట్టొచ్చు, రాకపోనూవచ్చు. ఆ సమయం ఆమెకు ఇవ్వండి.

మీవారి విషయం. 'పరువు తీశావు' అన్న మాట మిమ్మల్ని బాగానే గుచ్చినట్టుంది. ఆయన భయం నాకు అర్థమవుతుంది, పాప ఫొటో బయటికి వెళ్లింది కాబట్టి. కానీ ఆయన డిలీట్ చేయమంటున్నది నలుగురూ ఏమనుకుంటారో అని. మీరు డిలీట్ చేయాల్సింది అది ఒకరిని నొప్పించింది కాబట్టి. పైకి రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి గానీ, ఈ తేడా ఆయనతో విడమరిచి మాట్లాడండి. పాప నిద్రపోయాక, అత్తగారు, మరిది లేని సమయంలో కూర్చుని, 'నాకు ఇప్పుడు తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు నా పక్కన ఉండాలి. సైబర్ ఫిర్యాదు పని నువ్వు చూడు' అని అడగండి. భయపడుతున్న మనిషికి చేయడానికి ఒక పని అప్పజెబితే కోపం కాస్త దిగుతుంది.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ వేరే గదిలో పెట్టండి. కామెంట్లు చూడాల్సొస్తే మీవారినో ఒక ఫ్రెండ్‌నో చూడమనండి, ఫిర్యాదుకు పనికొచ్చేవి మాత్రమే పక్కన పెట్టమనండి. ఇంకో రెండు వారాలకూ ఇలాగే ఉంటే, ఆఫీసుకు వెళ్లాలంటే గుండె దడ వస్తుంటే సైకాలజిస్టును కలవండి. టెలి మానస్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మీరు చెడ్డ మనిషి కాదు. ఒక చెడ్డ పని చేశారు, అది దిద్దుకోగలిగిన పని.

ఇక ముందు ఆ బట్టలు ఎప్పుడూ వేసుకోకూడదా? నేనైతే అలా అనను. అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో ఆ కుట్టుపని చేయి తిరిగినవాళ్లకే వస్తుంది. కర్ణాటకలో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. అక్కడి ఆడవాళ్లు ఆ పనితో సంపాదించుకుంటున్నారు. వాళ్లు కుట్టిన బ్యాగో, దుపట్టానో, జాకెట్టో వాళ్ల దగ్గర నేరుగా కొని వేసుకుంటే ఎవరికీ బాధ ఉండదు, ఇంకా సంతోషిస్తారు. బంజారా ఫ్రెండ్ పెళ్లికి పిలిచి, వాళ్లే మీకు పేటియా కట్టి ముస్తాబు చేస్తే హాయిగా వేసుకోండి. అద్దె షాపులో దొరికే మెరుపుల డ్రెస్సులతో జాగ్రత్త. కణతల మీద వేలాడే ఘుగ్రీలు, మోచేతి పైదాకా వేసే గాజులు చాలా తండాల్లో పెళ్లయిన స్త్రీకి గుర్తులు. మన మంగళసూత్రం, మెట్టెలు ప్లాస్టిక్‌లో చేసి ఎవరో కామెడీ స్కిట్‌కు తగిలించుకుంటే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

పాప ఫ్యాన్సీ డ్రెస్‌కు లంబాడి వేషం వద్దు. ఈ గొడవకు భయపడి చెబుతున్నది కాదు ఇది. బతికున్న ఒక జనాన్ని పిల్లలకు 'వేషం'గా నేర్పకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ క్లాసులోనే తండా నుంచి వచ్చిన పిల్ల ఉంటే ఆ రోజు తను ఎవరి వేషం వేయాలి? మీ పాపకు రుద్రమదేవి వేషం వేయండి, డాక్టరమ్మను చేయండి, సీతాకోకచిలుకను చేయండి. తనకే ఏదిష్టమో అడగండి. ఆరేళ్ల పిల్లకు ఎందుకు మార్చామో పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. 'అవి కొంతమంది అవ్వలు, అమ్మలు నిజంగా వేసుకునే బట్టలమ్మా, మనం ఆడుకోవడానికి కాదు' అంటే తనకు అర్థమవుతుంది. అద్దె షాపుకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే రేపే ఫోన్ చేసి మార్పించండి. నెల చివర్లో రుద్రమదేవి డ్రెస్సులు దొరకడం కష్టం.